ఆ బండి నడుము

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఉయ్యూరు నుంచి శశికళ ఫోన్ చేసింది. ప్రసాదరావు గారి అమ్మాయి. తండ్రి పోయాక ఆయన పాత స్పోర్ట్స్ కారు ఇంటి వెనక షెడ్డులోనే ఉండిపోయిందట. ఇప్పుడు ఇల్లు అమ్మేశారు కనుక దాన్ని పెట్టుకునే చోటు లేదట. హైవే మీద హోటల్ కడుతున్న ఒకాయన కొనుక్కున్నాడట, గేటు ముందు అరుగు కట్టించి దాని మీద నిలబెడతాడట. "పెయింటు వేయించి ఇమ్మన్నారు ఆంటీ. పెయింటరేమో రెండు తలుపులకీ సొట్టలున్నాయి, నింపేస్తానంటున్నాడు. ఖాసిం తాతగారు బాగుచేసిన బండి కదా, మీరొకసారి వచ్చి చూస్తారా?" అంది. రేపు వస్తాను, అందాకా తలుపుల జోలికి పోవద్దని చెప్పమ్మా అన్నాను. సరేనంది. ఆ తలుపుల్లో ఉన్నవి సొట్టలు కావు. ఒకప్పుడు మా ఇంట్లోనే వాటిని సొట్టలనుకున్నారు. ఆ పొరపాటు మా మామయ్య ఖాసిం మేస్త్రీని ఆ తర్వాత బతికినంత కాలం లోపల్లోపలే తినేసింది.

నేను వన్ టౌన్‌లో పుట్టాను. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నన్ను బడికి పంపలేదు. పంపకూడదని ఎవరూ అనుకోలేదు గానీ, పరుపులో దూది సమంగా పరిచే చెయ్యి ఇంట్లో నాదొక్కటే. నలిగిన పరుపులు మళ్ళీ ఏకడానికి వచ్చినప్పుడు వాటి మీద అరచెయ్యి వేసి, పడుకునే మనిషి ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో చెప్పేదాన్ని. అక్షరాలు నాకు చాలా ఆలస్యంగా, మా ఆయన పోయాక, వీధి చివర చర్చి హాల్లో ఆడవాళ్ళకు సాయంత్రాలు చెప్పే క్లాసులో వచ్చాయి. అంతకు ముందు నాకు తెలిసినవన్నీ చేతితో తెలిసినవే. అలాంటివాటికి మాట వెతుక్కోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

పెళ్ళయి ఆటోనగర్‌కు వచ్చాను. ముందు బండ్ల సొట్టలు తీసే టింకరింగ్ షెడ్డు, వెనక రెండు గదులు, ఆ రెండింటికీ మధ్య ఒక గోనె పరదా. పరదా ఉన్నా లేకపోయినా ఒకటే, షెడ్డు వాసన ఇంట్లో, ఇంటి వాసన షెడ్డులో. అన్నం ఉడుకుతుంటే థిన్నర్ వాసన వచ్చేది, ఉతికిన దుప్పట్లు కప్పుకుంటే గ్యాస్ వెల్డింగ్ పొగ వాసన వచ్చేది. తెల్లవారేసరికి సుత్తి చప్పుళ్ళు మొదలయ్యేవి. కొత్తలో నాకు తలనొప్పి వచ్చేది. తర్వాత తర్వాత ఆ చప్పుళ్ళు ఆగినప్పుడే ఏమైందోనని తల ఎత్తి చూసేదాన్ని. మా ఆయన పేరు నాగూరు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ఆయనకు పని నేర్పింది, నాకు నేర్పింది కూడా మామయ్యే. టింకరింగ్ అయిన రేకును నీళ్ళు పోస్తూ వాటర్ పేపరనే గరుకు కాగితంతో రుద్దడం నా వంతు. ఇంటి కోడలు బండ్ల దగ్గర నిలబడడమేమిటని చుట్టాలు అనేవాళ్ళు. "పరుపు కుట్టిన చెయ్యి. దాన్ని తీసుకెళ్ళి గిన్నెల్లో పెట్టమంటారా?" అని మామయ్య వాళ్ళ నోళ్ళు మూయించేవారు.

ఖాసిం మేస్త్రీ అంటే ఆ వీధిలో లారీ క్యాబిన్లకు, బస్సు పక్కలకు పెట్టింది పేరు. ఆయన అలవాట్లు కొన్ని కొత్తవాళ్ళకు నవ్వు తెప్పించేవి. వేడి టీ గ్లాసు ఎప్పుడూ ఎడమచేత్తోనే పట్టుకునేవారు. అన్నం పూర్తిగా చల్లారితే తప్ప వేలు పెట్టేవారు కాదు. పడుకోబోయే ముందు కుడి అరచేతికి కొబ్బరినూనె రాసుకునేవారు, ఎడమచేతికి రాసుకునేవారు కాదు. కుడిది పనిముట్టు, ఎడమది చెయ్యి అనేవారు. రేకు మీద కుడిచెయ్యి పరిచి కళ్ళు మూసుకుని తలుపు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవారు. పుట్టీ అంటే ఆయనకు అసహ్యం. సొట్టను సుత్తితో, వెనక ఇనుప దిమ్మ ఆనించి తియ్యాలి తప్ప పైన మట్టి మెత్తి కప్పెట్టకూడదని ఆయన పట్టుదల. "ఇవ్వాళ కనపడదు. రేకు కదిలినప్పుడు, ఎండ తిన్నప్పుడు అదే బయటపడుద్ది" అనేవారు. నేను వచ్చేనాటికే ఆయన చూపు తగ్గుతోంది. వెల్డింగ్ మంట ఏళ్ళ తరబడి చూసిన కళ్ళు. దూరాన ఉన్న మనిషిని నడకను బట్టి పోల్చుకునేవారు గానీ, ఆ సంగతి ఎవరితోనూ ఒప్పుకునేవారు కాదు.

ఆ కారు మా షెడ్డుకు వచ్చిన రోజు చుట్టుపక్కల పనులు ఆగిపోయాయి. ప్రసాదరావు గారిది ఉయ్యూరు దగ్గర చెరకు వ్యవసాయం. కుర్రతనంలో మద్రాసులో ఎవరి దగ్గరో మోజుపడి కొన్న విదేశీ బండి అది. రెండే సీట్లు, రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, పొట్టి వెనకభాగం. మనిషి పడవలోకి దిగినట్టు అందులోకి దిగాలి. నేరేడుపండు రంగు. చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరకు ట్రాక్టరు మలుపు తిరుగుతుంటే దాని వెనక తగిలించిన ట్రక్కు చివర తగిలి ఎడమ తలుపు నలిగిపోయింది. ఎదురు షెడ్డు వీరయ్య మేస్త్రీ వంగి చూసి, "ఇంత పొట్టిది ట్రక్కు కిందనుంచి పోవచ్చు కదండీ, గుద్దించుకోవడమెందుకు?" అన్నాడు. ప్రసాదరావు గారు కూడా నవ్వారు. నవ్వుతూనే నలిగిన తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు, జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద వేసినట్టు.

అన్ని బండ్లు చూసిన కళ్ళతో దాన్ని చూస్తే అందులో చూడడానికి పెద్దగా ఏమీ లేదు. మెరిసే పట్టీలు లేవు, రెక్కలు లేవు, రంగు గీతలు లేవు. గుండ్రటి దీపం దగ్గర మొదలైన ఒక వంపు చక్రం మీదుగా లేచి, తలుపు దగ్గర కిందికి దిగి, వెనక చక్రం మీద మళ్ళీ లేచి తోక దగ్గర ఆగిపోయేది. అంతే, ఆ ఒక్క గీత. చక్రాలు ఒంటికి సరిగ్గా అంచున ఉండేవి, లోపలికి దాక్కోకుండా, బయటికి పొడుచుకురాకుండా. అద్దాలు చిన్నవి, కప్పు పల్చన. నిలబడి ఉన్నా ఇప్పుడే వచ్చి ఆగినట్టుండేది. చుట్టూ కొత్త బండ్లున్నా పెద్దవాళ్ళూ పిల్లలూ దాని దగ్గరే ఆగేవాళ్ళు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. నేనూ అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

బాగున్న కుడివైపును కడిగి, పాత రంగు రుద్దే పని నాకు అప్పగించారు. రుద్దుతుంటే తలుపు మధ్యలో నా చెయ్యి మెల్లగా లోపలికి జారి, మళ్ళీ మెల్లగా పైకి తేలేది. చాలా ఏళ్ళు ఒకే మనిషి పడుకున్న పరుపులో ఉండే పల్లం లాంటిది. మామయ్య వచ్చి అదే చోట చెయ్యి పరిచారు. వీరయ్య మేస్త్రీని పిలిచి చూపించారు. "ఇది కూడా ఎప్పుడో తగిలిందే. మద్రాసులో ఎవడో మెల్లగా ఒత్తాడు. రంగు పోలేదు కాబట్టి గమనించుకోలేదు" అని వీరయ్య తేల్చేశాడు. లారీ క్యాబిన్‌లో, బస్సు పక్కన, రేకు లోపలికి పోయిందంటే దెబ్బ తగిలిందని అర్థం. ఆ వీధిలో ఎవరికీ ఇంకో అర్థం తెలియదు. నాకూ తెలియదు. "ఆయన అడగలేదు గానీ, ఇదీ తీసేద్దాం నాగూరూ. మన పేరు మీద పోయే బండి" అన్నారు మామయ్య. మంచి మనసుతోనే అన్నారు. కుడి తలుపు లోపలి నుంచి కొట్టి ఆ పల్లాన్ని బయటికి తెచ్చారు. నలిగిన ఎడమ తలుపుకు కొత్త రేకు కోసి, కుడిదానికి సరిపోయేలా బిగువుగా, నిండుగా మలిచారు. పుట్టీ ముట్టుకోకుండా. రెండు వైపులా డప్పు చర్మంలా వచ్చింది. అంత చక్కటి రేకు పని నేను మళ్ళీ చూడలేదు. వీరయ్య కూడా వేలితో తట్టి చూసి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అదే ఆయన మెచ్చుకునే తీరు.

రంగు ఆరాక ప్రసాదరావు గారు వచ్చారు. బండి చుట్టూ తిరిగారు. మళ్ళీ తిరిగారు. మామయ్య పక్కనే నిలబడి, ఆయన ముఖం కనపడక, చెప్పుల చప్పుడు వింటున్నారు. "పని చాలా బాగుందండీ మేస్త్రీ గారూ" అని ఆగి, "బండే ఏదో కాస్త లావెక్కినట్టుంది" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయనే తప్పు మాట అన్నట్టు సర్దుకుని, "ఏం లేదులెండి. పొద్దున్నే తోట పక్కన ఆపితే గట్టు ఆ తలుపు మెరుపులో వంగి కనపడేది. వంగి, మళ్ళీ లేచేది. ఇప్పుడు అందులో మీ షెడ్డు వాసం తిన్నగా కనపడుతోంది. నా చూపేనేమో" అన్నారు. మామయ్య కుడిచెయ్యి తలుపు మీదే ఉంది. దాన్ని ముందు చక్రం మీద నుంచి తలుపు మీదుగా వెనక చక్రం దాకా జరిపారు. "చూపు మీది కాదండీ, నాది. అది సొట్ట కాదు. బండికి నడుము. నేను తీసేశాను" అన్నారు. ప్రసాదరావు గారు వద్దని ఎంతగానో చెప్పారు. ఇదీ బాగానే ఉందన్నారు. "బండి వదిలి వెళ్ళండి" అన్నారు మామయ్య.

ఆ సాయంత్రం ఆయన అన్నం తినలేదు. మా ఆయన పరదా దగ్గర నిలబడి, "నాన్నా, ఎవరైనా అలాగే అనుకుంటారు. వీరయ్య బాబాయి కూడా అదే అన్నాడు కదా" అన్నాడు. "వీరయ్య చెయ్యి వీరయ్యది. నా చెయ్యికేమైంది? చక్రం మీద పైకి లేచింది, తలుపులో దిగింది, మళ్ళీ చక్రం మీద లేచింది. దిగకపోతే లేచిందని ఎట్టా తెలుస్తది? అంత మాట నా చెయ్యి నాకు చెప్పలేదు చూడు" అన్నారు మామయ్య. ఒక పక్క చూపు పోతూ ఉంటే ఆయన నమ్ముకున్నది ఆ చేతినే. ఇప్పుడు ఆ చెయ్యి కూడా మాట తప్పిందని ఆయన బాధ. బండి మళ్ళీ తన రూపానికి వస్తే తప్ప ఆ నమ్మకం ఆయనకు తిరిగి రాదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఎంత లోతు ఉండేదో ఎవరికీ గుర్తు లేదు. వీరయ్య ఒక మాట చెప్పాడు, మా ఆయన ఇంకో మాట. చివరికి మామయ్య నన్ను పిలిచారు. "అమ్మాయ్, రుద్దింది నువ్వే కదా. నీ చెయ్యి ఎంత లోపలికి పోయింది?" అన్నారు. కొలత చెప్పడం నాకు రాదు. చూపించగలను గానీ చెప్పలేను మామయ్యా అన్నాను. చూపించు అన్నారు. ఆ రోజు నుంచి ఆయన కొట్టడం, ఆపడం, నేను చెయ్యి పరిచి ఇంకొంచెమనో చాలుననో అనడం. ఒకసారి బయటికి కొట్టిన రేకును మళ్ళీ లోపలికి కొడితే అది సాగిపోతుంది, అలసిపోతుంది, వేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోయి టక్కుమని బయటికి వస్తుంది. దాన్ని బిగించడానికి మంట చూపించడం, తడిగుడ్డ వెయ్యడం. మంట దగ్గర ఆయన కళ్ళు నీళ్ళు కారేవి. తుడుచుకోవడానికి కూడా కుడిచెయ్యి వాడేవారు కాదు. పల్లం వచ్చింది. కానీ పల్లం అంచు, లోపలికి జారడం మొదలయ్యే చోటు, ఎంత చేసినా ఆయన అనుకున్నంత మెత్తగా రాలేదు. ఒక పొద్దున మా ఆయనను పిలిచి, ఎటో చూస్తూ, "పుట్టీ కలుపు" అన్నారు. పుట్టీయా నాన్నా అన్నాడు మా ఆయన. "కలపరా. పల్చగా" అన్నారు. అంచుల్లో వేలిగోరంత మందాన ఆయనే పూశారు. నేను రుద్దాను.

రంగు వేశాక నీళ్ళు పోసి, ట్యూబులైటు వెలుగు తలుపు మీద ఎలా పారుతోందో చూడమన్నారు. "ఎక్కడైనా తెగుతోందా?" లేదు నాన్నా అన్నాడు మా ఆయన. "నువ్వు చెప్పమ్మాయ్." లేదు మామయ్యా అన్నాను. ఆ రోజు అది నిజమే. వెలుగు ముక్కు దగ్గర నుంచి వచ్చి తలుపులో వంగి మళ్ళీ లేచి తోకదాకా పోయింది. ప్రసాదరావు గారు వచ్చి, నా బండి నాకొచ్చింది మేస్త్రీ గారూ అని మామయ్య చేతులు పట్టుకున్నారు. "గట్టు వంగుతోందాండీ?" అని అడిగారు మామయ్య. వంగుతోందండీ అన్నారు ఆయన. మొదట ఎంత వంగేదో అంతే వంగుతోందా అని మామయ్య అడగలేదు. అడిగినా ఆయన అవుననే చెప్పేవారు. అదే మామయ్యకు మనశ్శాంతి లేకుండా చేసింది.

తర్వాత ఆయన సుత్తి పట్టలేదు. చూపు పూర్తిగా పోయింది. షెడ్డు ముందు నులకమంచం మీద కూర్చుని రోజులు గడిపేవారు. అప్పటికి ఊళ్ళోకి కొత్త బండ్లు రావడం మొదలయ్యాయి. కుర్రవాళ్ళు వాటిని తెచ్చి వెనక రెక్క పెట్టమనేవాళ్ళు, పక్కల కింద గౌను అంచులా ఫైబరు పట్టీ తొడగమనేవాళ్ళు, గాలి పోని చోట గాలి రంధ్రాలు పెట్టమనేవాళ్ళు. స్పోర్ట్స్ లుక్ రావాలి అనేవాళ్ళు. మా ఆయన చేసిపెట్టేవాడు, ఇల్లు గడవాలి కదా. మామయ్యను నడిపించుకెళ్ళి చెయ్యి వేయిస్తే, రెక్క దగ్గర, రంధ్రం దగ్గర, అంచు దగ్గర ఆ చెయ్యి తగిలి తగిలి ఆగేది. "ఇది ఈ ఏడు బండి" అని ఊరుకునేవారు. తిట్టినట్టు కాదు, వయసు చెప్పినట్టు. నిజంగానే కొన్నాళ్ళకు అవే కుర్రవాళ్ళు వచ్చి ఆ రెక్కలు పీకించుకునేవారు, పాతగా ఉన్నాయని. బండిని పాతగా చేసేది వయసు కాదని, అది పుట్టిన ఏడాది మోజంతా దాని మీద అతికించి ఉంటే ఆ మోజుతోపాటే అదీ ముసలిదవుతుందని నాకు అప్పుడే మెల్లగా తెలిసింది. నేరేడు రంగు బండి మీద ఏ ఏడాదీ అతికించి లేదు. తీసేయడానికి ఏమీ లేనిది పాతబడడానికి చాలాకాలం పడుతుంది. ఇప్పుడు బందరు రోడ్డు మీద షోరూముల ముందు నిలబెట్టిన కార్లను చూస్తుంటాను. ప్రతి తలుపు మీదా కత్తితో గీసినట్టు గీతలు, ముఖాలు కోపంగా. వాటిలో ఏదీ మనిషి చెయ్యి వేయడానికి చేసినట్టుండదు. ఉయ్యూరు వైపు నుంచి ఎవరు వచ్చినా మామయ్య మాత్రం ఆ బండి ఎట్టా ఉందని అడిగేవారు. బాగుందనేవాళ్ళు. ఆ మాట ఆయనకు సరిపోయేది కాదు. అలా అడుగుతూ అడుగుతూనే వెళ్ళిపోయారు.

ఉయ్యూరులో బస్సు దిగేసరికి ఫ్యాక్టరీ బెల్లపు పాకం వాసన గాలంతా ఉంది. శశికళ ఎదురొచ్చి, నొచ్చుకుంటున్నట్టు, "చెప్పాను ఆంటీ. అప్పటికే ఒకవైపు మొదలుపెట్టేశాడు" అంది. ఎడమ తలుపు నిండా బూడిదరంగు పుట్టీ, చదునుగా. పెయింటర్ మర్యాదస్తుడు, మంచి వయసులో ఉన్నవాడు. నన్ను స్టూలు మీద కూర్చోమన్నాడు. "కుడివైపు తలుపు అంచుల్లో పాత పుట్టీ ఉందమ్మా. కుంగి, వెలుగు పడితే వంకరగా కనపడుతోంది. ఎవడో పని చేతకాక కప్పెట్టాడు" అన్నాడు. మా మామయ్య అన్నాను. అతని ముఖం మారిపోయింది. "తెలియకన్నానమ్మా. అప్పట్లో దొరికే సామాను అంతేలెండి" అన్నాడు.

కుడి తలుపు ఇంకా అలాగే ఉంది. దాని దగ్గరకు వెళ్ళి, అది సొట్ట కాదు బాబూ, బండికి నడుమని, అటుది కూడా గీకేసి వదిలెయ్యమని అడిగాను. అతను విన్నాడు. వంగి, కన్ను రేకు మట్టానికి తెచ్చి చూశాడు కూడా. "మీరన్నది నిజమే అయ్యుండొచ్చమ్మా. కానీ అటు నింపేశాను, ఇటు వదిలేస్తే కొన్నాయన ఊరుకుంటాడా? అరుగు మీద ఎక్కించేది, రెండు వైపులా ఒకేలా ఉండాలంటాడు. రేపు తీసుకుపోతామన్నారు" అన్నాడు. శశికళ నా వైపు చూసింది. "వాళ్ళు కొనేశారు ఆంటీ. ఇప్పుడు మనమేం చెప్తాం" అంది. ఆ అమ్మాయి తప్పేముంది.

ఒకసారి రుద్దనిస్తావా బాబూ అని అడిగాను. ఎందుకని అడగకుండా వాటర్ పేపరు తడిపి ఇచ్చాడు. కాసేపు రుద్ది, పేపరు పక్కన పెట్టి, అరచెయ్యి పరిచాను. చెయ్యి లోపలికి జారింది, పైకి తేలింది. ఇది మొదట ఉన్నంత లోతేనా, మేము ఊహించి కొట్టిన లోతా అని నా చేతిని అడిగాను. మామయ్య బతికుండగా ఎవరూ ఆయనకు చెప్పలేకపోయిన మాట అదొక్కటే. నా చేతికి తెలియలేదు. అన్ని రోజులు మేము కొట్టిన పల్లాన్నే తడిమి తడిమి, మొదటిదాన్ని అది ఎప్పుడో మరిచిపోయింది. ఇక ఆ సంగతి చెప్పగలిగినది ఏదీ ఈ లోకంలో లేదు.

నా వెనక, ఒక రేకు ముక్క మీద అతను పుట్టీ కలుపుతున్న చప్పుడు వినిపించింది. "కలిపేశానమ్మా, ఆలస్యమైతే గట్టిపడిపోద్ది. కాస్త జరుగుతారా?" అన్నాడు, మెల్లగానే.

జరిగాను.